మైకులో గరగర

నా గొంతు మంచిదని నాకు బాగా తెలుసు, ఆ సంగతి దాచుకునే అలవాటు కూడా లేదు. బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకోవాలంటే మా వాడకట్టు ఆడవాళ్ళు నా కోసం ఆగేవాళ్ళు. కండక్టరుగా చేరాక ఆ గొంతంతా "లోపలికి జరగండి, ఇంకా జరగండి" అనడానికే సరిపోయింది. కొన్నేళ్ళకు నడుము పట్టేసింది. బస్సులో నిలబడి పని చేయొద్దని డాక్టరు రాసిచ్చాక, నన్ను తెచ్చి సిద్దిపేట బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చోబెట్టారు. కిటికీ అవతల జనం, ఇవతల బల్ల మీద మైకు, పక్కన ఒక ముసలి ఆంప్లిఫయరు. కరీంనగర్ బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద ఉన్నదని మొదటిసారి చెప్పినప్పుడు నా గొంతు బస్టాండు నాలుగు మూలల నుంచీ తిరిగొచ్చి నా చెవిలోనే పడింది. దేవుడు నడుము తీసుకుని మైకు ఇచ్చాడులే అనుకున్నాను.

ఆ మైకు సెట్టుకు ఒక రోగం ఉండేది. పక్కన సెల్‌ఫోన్ పెడితే చాలు, మెసేజ్ వచ్చే ముందు స్పీకర్లలో గర్ర్... టకటకటక... గర్ర్ అని మోత మొదలయ్యేది. అప్పటి ఫోన్లు అంతే, టీవీ పక్కన పెట్టినా, రేడియో పక్కన పెట్టినా అదే గోల. నా ఫోన్ మోగకముందే నాకు మెసేజ్ వస్తోందని బస్టాండంతటికీ తెలిసిపోయేది. చాయ్ హోటల్ అతను అక్కడి నుంచే అరిచేవాడు, "అక్కా, నీకు మెసేజ్ వచ్చింది సూడు!" అని. నేను నవ్వేదాన్ని, ఆ వెంటనే చూసేదాన్ని. చూడకుండా ఉండడం నా వల్ల అయ్యేది కాదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మా ఊళ్ళో ఉద్యమం అంటే ఎక్కడో జరిగి పేపర్లో వచ్చేది కాదు. బస్టాండు గేటు ముందే టెంటు. రోజుకో కులం వాళ్ళు, రోజుకో ఆఫీసు వాళ్ళు అందులో దీక్షకు కూర్చునేవాళ్ళు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు, రోడ్డు మీదే బతుకమ్మ, రోడ్డు మీదే కబడ్డీ. ఏ బస్సు ఎక్కడ ఆగిపోతుందో నడిపే డ్రైవరుకే తెలియదు. "రేపు ఎట్లనట? బండ్లు తిరుగుతయా?" అన్నదే అందరి నోటా ఒకటే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు మెసేజుల్లో తిరిగేది.

యూనియన్‌లో పైనుంచి వచ్చిన కబురు అందుకుని పదిమందికి పంపే పని నన్ను ఎవరూ చేయమనలేదు. నేనే నెత్తిన వేసుకున్నాను. మా డిపో వాళ్ళకు, మా వాడకట్టుకు, దుబ్బాకలో మగ్గం నేసే మా చిన్నమ్మ కొడుక్కి, కొండపాకలో ఉండే మా ఆడబిడ్డకు, ఆమె చుట్టాలకు... ఎక్కడ నంబరు దొరికితే అక్కడికి. పోను పోను జనమే కిటికీ దగ్గరికి వచ్చి, "అక్కా, ఏమన్న మెసేజ్ వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టారు. పెద్ద నాయకురాలినైపోయినట్టు గొంతు తగ్గించి చెప్పేదాన్ని. మొగుడు నా మాట వినని రోజుల్లో కూడా సగం సిద్దిపేట వినేది. ఆ రుచి ఊరికే వదలదు.

నిజం చెప్పాలంటే ఆ ఫోన్‌లో ఉద్యమం కొంచెమే. జోకులు, పొడుపుకథలు, గుడ్‌మార్నింగులు, పదిమందికి పంపకపోతే ఇంట్లో అరిష్టమని బెదిరించే దేవుడి మెసేజులు, వీటిదే పెద్ద వాటా. వాటిని కూడా నేను అదే శ్రద్ధతో చదివేదాన్ని. బస్టాండులో బండ్ల రాకపోకలు చూసే మా కంట్రోలర్ సారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, మాటకో సామెత వేస్తాడు. ఒకరోజు కిటికీలోంచి తొంగిచూసి, "అమ్మా, డ్యూటీల గా ఫోనెందుకు? కండ్లు గాడ, చెవులు గీడ పెడితె పనెట్ల అయితది?" అన్నాడు. "ఉద్యమం సార్" అన్నాను. ఆయన తల వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు లేదు. ఆ తర్వాత ఎవరేమన్నా అదే మాట అడ్డం పెట్టాను. నాకు వచ్చింది జోకో, ఉద్యమమో అడిగే ధైర్యం ఎవరికుంది?

మా కిటికీ దగ్గర రెండు అలవాట్లు ఉండేవి. రెండూ రూల్సులో లేవు, నాకన్నా ముందు కూర్చున్నవాళ్ళ నుంచి వచ్చాయి.

బోర్డు చదవలేనివాళ్ళు, చూపు ఆననివాళ్ళు వస్తే, "గీ బెంచీ మీద కూసో, నీ బండి రాంగనే నేనే పిలుస్త" అని చెప్పడం మొదటిది. వాళ్ళ చీర రంగో, తలపాగానో గుర్తు పెట్టుకుని బండి రాగానే మైకులో పిలిచేదాన్ని. "చిన్నకోడూరు పోయే అవ్వా, పచ్చచీర అవ్వా, లెవ్వు, నీ బస్సు వచ్చింది." బస్టాండంతా నవ్వేది. అవ్వ మూట ఎత్తుకుని, స్పీకరు దిక్కు చేతులెత్తి దండం పెట్టి పోయేది. ఈ ఉద్యోగంలో నాకు నచ్చిన పని ఏదైనా ఉందంటే ఇదే.

రెండోది జవాబు. బస్సు తప్పిపోయినవాడు కిటికీ మీదికి కొట్లాటకు వస్తాడు కదా. వాడికి ఒక్కటే మాట. "మైకుల చెప్పిన గద, వినవడలేదా?" నిజంగా చెప్పామా లేదా అని ఆలోచించేది ఉండదు. ఆ మాట నాలుక మీదే ఉంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమే కాబట్టి పదోసారి కూడా చెల్లిపోయేది.

ఆ సాయంత్రం, మరునాడు బంద్. మధ్యాహ్నం నుంచే బండ్లు తగ్గాయి. ఉన్నవి కూడా చీకటి పడేలోపు డిపోకు చేరాలని ఉరుకుతున్నాయి. ఎండ వాలుతుండగా ఒక పెద్దమనిషి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆయన నాకు తెలుసు. మార్కెట్ వెనక దూది ఏకే మిషన్ పెట్టుకుని పరుపులు కుట్టే చాచా. నా పెళ్ళి పరుపు ఆయన దుకాణంలో కుట్టిందే. మిషన్ దగ్గర నుంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, టోపీ మీద, గడ్డంలో, కనుబొమ్మల్లో దూది పోగులు అంటుకుని ఉన్నాయి.

"బేటీ, జగిత్యాలకు బస్సు ఉన్నదా?"

"ఉన్నది చాచా. హైదరాబాద్ నుంచి ఒక్కటి రావాలె. గది పోతె ఇగ లేవు, రేపు మొత్తానికే లేవు."

"గంతే చాలు బిడ్డా. నా చెల్లె పోయింది." ఆ మాట అని కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. "పగటీలి ఫోనొచ్చింది. రేపు పొద్దుగాల నమాజ్ అయినంక మట్టి జేస్తరట. దానికి మొగుడు లేడు, కొడుకుల్లేరు. మా దాంట్ల ఆడమనిషిని కబర్ల దింపాలంటె రక్తం పంచుకున్నోడు చేతులు పెట్టాలె. నేనొక్కన్నే ఉన్న. నా కోసం చూస్తుంటరు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తిరిగాయి. "నువ్వు గీ బెంచీ మీద కూసో చాచా. బండి రాంగనే నేనే పిలుస్త, ఫికర్ చెయ్యకు" అన్నాను.

"నాకు తెలుగు బోర్డు రాదు. పిలుస్తవు గద?"

"పిలుస్త."

ఆయన వెళ్ళి స్పీకరు కింది బెంచీ మీద, గుడ్డ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి నాకు ఆయన టోపీ కనబడుతూనే ఉంది.

అప్పుడే గర్ర్ అని మైకు మోగింది. యూనియన్ మెసేజ్. రేపు బంద్, ఎక్కడి బండ్లు అక్కడే అని రెండు ముక్కలు. నాకు అది చప్పగా అనిపించింది. జనానికి అర్థమయ్యేట్టు నేను రాయాలనుకున్నాను. అప్పట్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. ఒక్కో అక్షరానికి ఆ చిన్న మీటను రెండుసార్లో మూడుసార్లో నొక్కాలి. తల వంచుకుని కూర్చుని కొట్టాను. "రేపు బంద్. ఊర్లకు పోయేటోళ్ళు ఈ పొద్దే బస్సు ఎక్కుండ్రి. రేపు ఒక్క బండి తిరగది. మీకు తెలిసినోళ్ళందరికి చెప్పుండ్రి. జై తెలంగాణ." చదువుకుంటే నాకే ముచ్చటేసింది. అందరికీ పంపాను.

ఇక జవాబులు మొదలయ్యాయి. జై తెలంగాణ అని ఒకరు, జైజై తెలంగాణ అని ఇంకొకరు, మంచి పని చేసినవక్కా అని మరొకరు. ప్రతి జవాబుకూ ముందు గర్ర్... టకటక. స్పీకర్లు ఊపిరాడకుండా మోగుతున్నాయి. మైకు దగ్గర నుంచి ఫోన్ తీసి దూరంగా పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు, ఆ మోత నాకు చప్పట్లలాగా ఉంది. కొండపాక ఆడబిడ్డ జవాబు కూడా వచ్చింది. "జై తెలంగాణ వదినా. ఈ పూట ఏం కూర?"

నేను బెండకాయ అని కొట్టడం మొదలుపెట్టాను. ఒట్టి బెండకాయ అంటే బాగుండదని, మీ అన్నకు జిగురు పడదు కాబట్టి వేపుడు చేసిన అని కూడా కలుపుతున్నాను. అప్పుడు కంట్రోలర్ సారు వెనక తలుపులోంచి తల పెట్టి అన్నాడు.

"జగిత్యాల బండి వచ్చిందమ్మా. ముందట టెంటు కాడ జనం ఉన్నరని ఎన్క గేటు దిక్కు ఆపిండు. ఎక్కువసేపు ఆగడట. జల్ది చెప్పు."

"ఆ" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది. తల ఎత్తలేదు. బొటనవేలు ఆగలేదు. ఈ ఒక్క ముక్క పంపి చెబుదామనుకున్నాను. పంపాను. మళ్ళీ గర్ర్ అంది. ఆడబిడ్డ నవ్వింది, ఇంకేదో అడిగింది, దానికీ జవాబిచ్చాను. జగిత్యాల బండి సంగతి నా బుర్రలోంచి ఎట్లా జారిపోయిందో నాకు తెలియదు. జారిపోవడం కూడా కాదు, చెప్పేసినట్టే అనిపించింది. "ఆ" అన్నాను కదా, ఆ లెక్కలో ఆ పని అయిపోయింది.

బస్సు కోసం ఎదురుచూస్తున్న మిగతావాళ్ళు వెనక గేటు దిక్కు కండక్టరు కేక విని, వాళ్ళే ఉరికి ఎక్కారు. వాళ్ళెవరూ నన్ను నమ్ముకుని లేరు. చాచా ఒక్కడే నా మాట మీద కూర్చున్నాడు.

కాసేపటికి ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "బేటీ, ఇంకా రాలేదా?"

"చెప్పిన గద చాచా! వినవడలేదా?"

నోరు అనేసింది. అన్న తర్వాత మనసుకు తెలిసింది, చెప్పలేదని. చేతిలో ఫోన్ వేడిగా ఉంది. అప్పుడైనా, "తప్పయింది చాచా" అనొచ్చు. నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి ఏం పోతుంది? నేను తీసుకోలేదు. పైగా ఆయన దిక్కు కొంచెం చిరాగ్గా కూడా చూశానేమో, ఆ జవాబుకు అట్లా చూడడం అలవాటు.

ఆయన నన్ను అనుమానించలేదు. చేత్తో చెవి మూసి, తీసి, "అరె... గర్ర్ గర్ర్ అని వినవడ్డది బిడ్డా. నువ్వు పిలుస్తున్నవేమో అనుకున్న, మాట సమజ్ కాలే. మిషన్ మోతకు చెవులు ఖరాబైనయి" అన్నాడు. అని సంచి పట్టుకుని వెనక గేటు దిక్కు ఉరికాడు. ఆ వయసులో ఆయన ఉరకడం కిటికీలోంచి నేను చూశాను. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు.

కంట్రోలర్ సారు వచ్చి అడిగాడు, "చెప్పినవా అమ్మా?"

"చెప్పిన సార్."

"మరి ముసలాయన ఏం జేసిండు? చెవిటోని ముందట శంఖం ఊదినట్టే అయింది." ఆయన తర్వాతి స్టేజీకి ఫోన్ కలపాలని చూశాడు, దొరకలేదు. ఆ బండి మా డిపోది కాదు, ఆ కండక్టరు నంబరు ఎవరి దగ్గరా లేదు. నా ఫోన్‌లో ఊరందరి నంబర్లూ ఉన్నాయి, అదొక్కటి లేదు. చాచా రోడ్డు మీద నిలబడి వచ్చిన ప్రతి లారీకి చెయ్యెత్తాడు. నేను డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడు టెంటు పక్క నుంచి తప్పుకుని పోయాను, ఆయన కంట పడకుండా. ఇంట్లో బెండకాయ వేపుడు వడ్డించుకుని ముద్ద కలిపాను. కంచం అట్లాగే పక్కకు జరిపాను.

కొన్ని వారాలకు ఆయన వచ్చాడు. కిటికీ ముందు నిలబడి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, బస్టాండంతా వినేట్టు మాట్లాడాడు. కరీంనగర్ దాకా లారీ దొరికిందట. అక్కడ బంద్. తర్వాత ఎవరో బండి మీద కొంత దూరం, నడిచి కొంత దూరం. పోయేసరికి అంతా అయిపోయింది. ఆమె మరిది వరసవాళ్ళు దింపారట. "మట్టి గూడ ఎయ్యలే బిడ్డా" అన్నాడు. "నీ మీద ఏం లేదు. నువ్వు పిలిచినవు. నా చెవులే దగా జేసినయి. మావోళ్ళందరికి గదే చెప్పిన, ఆ బిడ్డ తప్పు లేదని."

తర్వాత సంచిలోంచి ఒక చిన్న మెత్త తీసి కిటికీలోంచి లోపలికి తోశాడు. పూల గలేబు, లోపల బూరుగు దూది. "ఆ పొద్దు చూసిన, నువ్వు నడుము పట్టుకుని కూసుంటున్నవు. కుర్సీల ఎన్కకు పెట్టుకో."

తీసుకోకుండా ఎట్లా ఉంటాను? ఎందుకు వద్దంటున్నావని అడిగితే ఏం చెప్పను? తీసుకున్నాను. నడుముకు ఎంత హాయిగా ఉండేదో చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది.

ఫోన్‌ను దూరం పెట్టాలని అప్పటి నుంచి నానా తిప్పలు పడ్డాను. టిఫిన్ డబ్బాలో వేసి మూత పెడితే, అన్నం తినకముందే మూత తీసేదాన్ని. చాయ్ హోటల్‌లో ఇచ్చి ఉంచితే, మెసేజ్ వచ్చినప్పుడల్లా అతను తెచ్చి ఇచ్చేవాడు, ఎంత మంచివాడో. చెయ్యి దానంతటదే పోయి బల్ల మీద తడిమేది. చివరికి దాన్ని ఆపేసి, డ్యూటీ ఎక్కేటప్పుడే కంట్రోలర్ సారు బీరువాలో పెట్టి తాళం వేయించాను. "ఏందమ్మా, ఉద్యమం ఆగిపోయిందా?" అని ఆయన ఎగతాళి చేశాడు. ఆగలేదు. నేను మెసేజులు పంపకపోయినా టెంటులో జనం తగ్గలేదు, బంద్ సంగతులు నాకన్నా ముందే అందరికీ తెలిసేవి. ఒక్క రోజు కూడా ఎవరూ నన్ను వెతుక్కోలేదు. అది కూడా కొంచెం బాధనిపించిందంటే నా బుద్ధి ఎట్లాంటిదో చూడండి.

ఫోన్ బాగుపడింది, మనిషి బాగుపడలేదు. ఒకరోజు చాచా కొడుకు బస్సు వివరం అడగడానికి వచ్చాడు. మాటల్లో నేనే అడిగాను, మీ నాయన ఎట్లున్నాడని.

"అబ్బాకు చెవులు మొత్తానికే పోయినయక్కా. మైకుల పిలిచినా వినవడలేదంటె చూడు. మిషన్ కాడ ఉంటె తిరిగే ఏ బెల్టుల చెయ్యి పెడతడో, ఎవలు ఒర్రినా వినడు అని భయమై ఇంట్ల కూసోవెట్టినం. మనిషి ఊకె గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు."

నా వెన్నుకు ఆయన మెత్త తగులుతూనే ఉంది. చెల్లెల్ని దింపనివ్వకపోవడం ఒకటి, ఇప్పుడు ఆయన చేతిలో పని కూడా తీసేశాను. మంచి చెవులున్న మనిషిని నా ఒక్క మాటతో చెవిటివాణ్ణి చేశాను. "దవాఖానల చూపెట్టరాదు?" అని మాత్రం అన్నాను. "ఒద్దంటడక్కా. నా కథ నాకు తెల్సు అంటడు" అన్నాడు. ఆ అబ్బాయికి అప్పుడే చెప్పాల్సింది. చెబితే వీధిలో నిలబెడతాడని, యూనియన్‌లో పరువు పోతుందని, నన్ను మైకు దగ్గర నుంచి తీసేస్తారని, ఇట్లా నాకు నేనే బోలెడు చెప్పుకున్నాను.

చెల్లెలు పోయి ఏడాది తిరిగింది. గేటు ముందు టెంటు ఇంకా ఉంది, గుడ్డ మాత్రం మారింది. ఒక పొద్దున చాచా వచ్చి జగిత్యాల బస్సు అడిగాడు. చెల్లె పేరు మీద సంవత్సరం ఫాతెహా చదివిస్తారట. "ఉన్నది చాచా, టైం పడతది, కూసో" అన్నాను గట్టిగా.

"నిలవడ్త బిడ్డా. కూసుంటె మల్ల వినవడది" అన్నాడు.

పోయి ప్లాట్‌ఫారం అంచున స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికి పోయి, ఇది జగిత్యాలకా అని అడిగి, మళ్ళీ వచ్చి స్తంభం పట్టుకుంటున్నాడు. బెంచీలన్నీ ఖాళీ. ఎండ ఆయన కాళ్ళ మీదికి వచ్చింది, మోకాళ్ళ దాకా వచ్చింది. నాకు చూడబుద్ధి కాలేదు. మైకు ఆపేసి, లోపల ఉన్న కంట్రోలర్ సారుతో మెల్లగా, పక్క మనిషికి వినీవినబడనంత మెల్లగా అన్నాను, "పాపం, చాచాకు ఒక చాయ్ పంపరాదు సార్."

"చాయ్ వద్దు బిడ్డా, ఇప్పుడే తాగిన" అన్నాడు చాచా స్తంభం దగ్గర నుంచి. ఇటు తిరగను కూడా తిరగలేదు.

కంట్రోలర్ సారు నా మొహం చూశాడు. నేను లేచాను. డ్యూటీలో మైకు వదిలి ఎప్పుడూ బయటికి పోనిదాన్ని, తలుపు తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి పోయాను.

"చాచా, నీ చెవులకేం కాలే. మంచిగున్నయి."

ఆయన అయోమయంగా చూశాడు.

"ఆ పొద్దు నేను పిలవలే చాచా. మైకుల చెప్పనే లేదు. చెప్పిన అని అబద్ధమాడిన."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. స్తంభాన్ని వదిలేసి రెండు చెవులూ తడుముకున్నాడు, అవి ఉన్నాయా లేవా అన్నట్టు. తర్వాత గట్టిగా కాకుండా, వెనకటి గొంతుతో అడిగాడు.

"మరి గర్ర్ గర్ర్ అన్నదేంది? నేను విన్న గద."

"అది నా ఫోన్ చాచా. మెసేజులు వస్తె మైకు అట్ల మోగుతది. నేను ఫోన్ చూస్కుంట మర్చిపోయిన."

"పిలవనే లేదా?"

"లేదు చాచా."

"ఏడాది నుంచి నా చెల్లెను మాఫీ అడుగుతున్న, ప్రతి నమాజ్‌ల" అన్నాడు. "నీ అన్నకు వినవడలేదమ్మా, ఏమనుకోకు అని." నా దిక్కు కాక రోడ్డు దిక్కు చూస్తూ అన్నాడు. నేను ఏడుస్తున్నాను, అది ఎవరికి పనికొచ్చే ఏడుపు? ఆయనే అడిగాడు, "అంత ఫోన్ల ఏమొచ్చింది బిడ్డా, ఆ పొద్దు?"

నేను చెప్పాను. ఆ మెసేజ్ నాకు కంఠతా వచ్చు. రేపు బంద్, ఊర్లకు పోయేటోళ్ళు ఈ పొద్దే బస్సు ఎక్కుండ్రి, రేపు ఒక్క బండి తిరగది, మీకు తెలిసినోళ్ళందరికి చెప్పుండ్రి.

ఆయన అంతా విన్నాడు. తల ఊపాడు.

"మంచి ముచ్చటనే" అన్నాడు. "నాకు గూడ చెప్తె అయిపోతుండె."

అప్పుడే జగిత్యాల బండి మలుపు తిరిగి లోపలికి వచ్చింది. నేను పిలవాల్సిన పని లేకుండానే ఆయన సంచి అందుకున్నాడు. మెట్టు ఎక్కుతూ ఒక కాలు కింద, ఒక కాలు పైన పెట్టి వెనక్కి తిరిగి చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో, జాలిపడ్డాడు.

"ఉద్యమం ముచ్చట గదా బిడ్డా, నీ సొంత పని గాదు గద. ఏడువకు."

ఆ మెసేజ్ ఎప్పుడో పంపేశానని, బండి వచ్చి నిలబడినప్పుడు నేను కొడుతున్నది బెండకాయ అని చెప్పాలి. నోరు తెరిచాను. బస్సు కదిలింది, నేను చెయ్యి ఊపాను.